అల్లుడుగారికి సంతకం పెట్టను

గ్రిడ్ ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి మొదటివారం

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు, కొంపలేమీ మునిగిపోలేదు. పోయినసారి ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ నేను ఏడ్చేస్తే నువ్వేమన్నావు? "నీకు ఫోన్లో ఏడుపొస్తుంది, కాగితం మీద కోపమొస్తుంది. నాకు నీ కోపమే ఇష్టం, ఉత్తరం రాసి చావు" అన్నావు. రాస్తున్నాను. పైగా ఈ భవనంలోకి ఫోన్లు రానివ్వరు. గేటు దగ్గర అరలో పెట్టి తాళం వేసి రావాలి. భోజనాల వేళ నాకు తోడు ఒక కాగితం, ఒక పెన్ను, ఎప్పుడు చూసినా చెమ్మగా ఉండే ఎదుటి గోడ.

ముందు ఒక మాట. మీ వీధిలో వాళ్ళకి నేను కంప్యూటర్లు బాగుచేస్తానని చెబుతున్నావట. తల్లీ, నీకు పుణ్యముంటుంది, అలా చెప్పకు. పోయినసారి వచ్చినప్పుడు పక్కింటాయన ప్రింటరు చంకలో పెట్టుకుని దిగబడ్డాడు. ఇలా చెప్పు: కరెంటు ఎక్కడ ఎంత కావాలో, చాలనప్పుడు ఎవరికి ఆపాలో లెక్కగట్టే కంప్యూటరు మోడళ్ళుంటాయి. వాటిని కట్టేవాళ్ళు వేరు. కట్టినదాన్ని తిరగేసి బోర్లేసి పరీక్షించి, పనికొస్తుందనో పనికిరాదనో రాసి సంతకం పెట్టేది మా ఆడపడుచు అని చెప్పు. నువ్వు కట్టిన పళ్ళు నోట్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో డాక్టరు చూడడూ, అలాగ.

ఇప్పుడు నా బల్ల మీదున్న మోడల్‌కి ఆఫీసులో అందరూ కలిసి అల్లుడుగారని పేరు పెట్టారు. ఆయన మాటకి ఎదురు చెప్పకూడదు. ఆయన తప్పుచేసినా తప్పు మనదే. ఈ వేసవిలో ఎలాగూ కరెంటు చాలదు. ఏ గంటలో ఏ పేటకి అవసరం తక్కువో అల్లుడుగారు చెబుతారు, అక్కడ ఆపుతారు. ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదని లెక్క. వినడానికి బాగానే ఉంది కదా? నూటికి తొంభై ఏడుసార్లు ఆయన చెప్పింది చెప్పినట్టు జరిగిందని, కట్టినాయన రోజుకో గ్రాఫు తెచ్చి చూపిస్తున్నాడు. ఆయన్ని మేం గ్రాఫులాయన అంటాం. జూన్‌లో కమిటీ కూర్చుంటుంది. అప్పటికి నా సంతకం పడితే, కంపెనీ కింద ఉన్న ఊళ్ళన్నిటికీ ఇక అల్లుడుగారిదే రాజ్యం.

నాకు మాత్రం మింగుడుపడటం లేదు. ఇంత శుభ్రంగా సరిపోయే లెక్క నేను చూడలేదు. మా డైరెక్టరు పెద్దసారు రోజూ వచ్చి, నా బల్ల మీద వేళ్ళతో దరువేసి, "ఏమ్మా, సంతకం ఎప్పుడు?" అంటాడు. దరువు వేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పెట్టలేదు.

నీ ఆడపడుచు

*

పళ్ళ ల్యాబు, రైలు గేటు అవతల
మార్చి రెండోవారం

మొండీ,

నీ ఉత్తరం చేతికి మైనం ఉండగానే చదివాను, అంచులకి అంటింది, మళ్ళీ శుభ్రం లేదని దెప్పకు. డాక్టరు చూస్తాడట డాక్టరు! నోరు తెరవమంటాడు, మూయమంటాడు, అయిపోయింది. సరిగ్గా కూర్చోకపోతే తిట్లు నాకు, కూర్చుంటే దండాలు ఆయనకి.

ఇంతకీ అల్లుడుగారితో నీకు పేచీ ఏమిటే? తొంభై ఏడు మార్కులు తెచ్చుకున్నవాడికి వంకలు పెడతావా? మీ అన్నయ్యకి జన్మలో అన్ని మార్కులు రాలేదు, నేను పెళ్ళి చేసుకోలేదూ? పెట్టెయ్ సంతకం. ఆ ఉద్యోగం కోసం ఎన్ని మెట్లు ఎక్కి దిగావో మర్చిపోయావా? పెద్దవాళ్ళతో తగువు మనకెందుకు? మీ అన్నయ్య కూడా ఆ కంపెనీ మీటర్ల సెక్షన్లోనే ఉన్నారాయె. నీకు అక్కడ జలుబు చేస్తే ఆయన ఇక్కడ తుమ్మాలి.

నా గోల నాకుంది. మధ్యాహ్నం కరెంటు నా ప్రాణాలు తోడేస్తోంది. పింగాణీ పళ్ళు కొలిమిలో పెట్టాక, వేడెక్కి మళ్ళీ నెమ్మదిగా చల్లారేదాకా కరెంటు ఉండి తీరాలి. మధ్యలో పోయిందంటే బీటలే. లాయరుగారి ముందు పళ్ళు రెండోసారి బీటలిచ్చాయి. పాపం ఆయన కోర్టులో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాదిస్తుంటే, జడ్జిగారు "మీరేదో దాస్తున్నారు" అన్నారట. నవ్వకు. నాకు ఏడుపొస్తోంది.

మునుపు ఎప్పుడో ఒకప్పుడు పోయేది. ఇప్పుడు మా పేటకి గడియారం చూసుకుని మరీ పోతోంది. మీ అన్నయ్యనడిగితే "పైనుంచి లిస్టు వస్తోంది" అంటారు. "పైనుంచి వచ్చేది వాన కదండీ, లిస్టేమిటి?" అన్నాను. కంచంలోకి తలదించుకున్నారు. నీకు తెలుసుగా, ఆయన తల దించారంటే ఇంకేదో ఉందని అర్థం.

వేళకి తిను.

వదిన

*

గ్రిడ్ ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి చివర

వదినా,

లాయరుగారి పళ్ళ సంగతి తర్వాత. అన్నయ్యని కూర్చోబెట్టి అడిగి ఇది రాయి: ఆ లిస్టు ఎప్పటినుంచి వస్తోంది? ఎవరు పంపుతున్నారు? తల దించుకుంటే గడ్డం పట్టుకుని ఎత్తు.

ఎందుకంటే నా సంతకం పడేదాకా అల్లుడుగారు పక్కన కూర్చుని చూడాలి అంతే. ఆయన మాట విని ఎవ్వరూ ఒక్క స్విచ్ కూడా ముట్టుకోకూడదు. ఇది నా చాదస్తం కాదు, ఆఫీసు రూలు. నీ ఉత్తరం చదివి, మీ పేటకి అల్లుడుగారు ఏ వేళలు చెబుతున్నారో తీసి చూశాను. భోజనాలయ్యాక, వదినా. సరిగ్గా నీ కొలిమి వేళకి.

నాకు మింగుడుపడనిదేదో కూడా దొరికింది. నువ్వు మీటర్లాయన భార్యవి, నీకు ఇట్టే తెలుస్తుంది. మీటరు ఏం రాస్తుంది? వాడిన కరెంటు రాస్తుంది. కావలసిన కరెంటు రాయదు. పోయిన వేసవుల్లో మీ పేటకి కోతలెక్కువ. కోత పెట్టినప్పుడు మీటర్లో సున్నా. ఆ సున్నాలన్నీ మూటగట్టి అల్లుడుగారికి చదువు చెప్పారు. ఆయనేం నేర్చుకున్నారు? "ఈ పేటవాళ్ళకి మధ్యాహ్నం కరెంటు పెద్దగా అక్కర్లేదు" అని! అన్నం పెట్టకుండా మాడ్చి, వీడు తక్కువ తింటాడని రాసుకున్నట్టుంది. అక్కర్లేదు కాబట్టి మళ్ళీ అక్కడే ఆపమంటారు. ఆపితే మళ్ళీ సున్నా. "చూశారా, నేను చెప్పినట్టే తక్కువ వాడారు" అని ఇంకో మార్కు. ఆ తొంభై ఏడు ఎలా వచ్చాయో తెలిసిందా?

ఇది ఎవడో కుట్రపన్ని చేసింది కాదు. మాలాంటివాళ్ళే చేస్తారు ఇలాంటి తప్పు. అంకె కనబడగానే అది నిజమనుకుంటాం. సున్నా కూడా అంకే కదా మాకు. గ్రాఫులాయనకి చెబితే "మేడమ్, డేటాలో అలా ఉంది" అన్నాడు. డేటాలో లేనిదాని గురించే నేను మాట్లాడుతున్నానంటే, ఇంకో గ్రాఫు తీసి చూపించాడు.

వెంటనే జవాబు రాయి.

నీ మొండి

*

పళ్ళ ల్యాబు
ఏప్రిల్ మొదటివారం

మొండీ,

గడ్డం పట్టుకునే ఎత్తాను. ఫిబ్రవరి నుంచి వస్తోందట లిస్టు. అడుగున చీమతలకాయంత అక్షరాలతో "ప్రయోగార్థం" అని ఉంటుందట. ప్రయోగం ఎవరి మీదండీ అంటే, "మన మీదే అనుకుంటా" అన్నారు. ఎంత చల్లగా అన్నారో!

ఇంకొకటి. నీకు రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే నాకు అన్నం సయించదు. సంతకం పెట్టెయ్యమని నేను రాశానే, అది పూర్తిగా నా మాట కాదు. మీ పెద్దసారు మీ అన్నయ్యకి ఫోన్ చేశాడు. "మీ చెల్లెలు చాలా తెలివైన పిల్ల, కాస్త తొందరపెట్టండి, మీరు కూడా ఎన్నాళ్ళని అంత దూరం బస్సులో వెళతారు, ఇంటి దగ్గర ఆఫీసుకి వేయిద్దాం" అన్నాడట. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, ఎదుటివాడు పెద్ద గొంతుతో నవ్వితే చాలు, కరిగిపోతారు. నేనూ ఆశపడ్డాను. సాయంత్రం ఆయన వెలుగుండగా ఇంటికొస్తే ఎంత బాగుంటుందోనని.

ఇప్పుడు నా మాట విను. మాకు అవసరం తక్కువా? మా పేటలో సగం ఇళ్ళకి రేకులే. మధ్యాహ్నం లోపల ఉండలేక జనం మెట్ల మీద నీడ వెతుక్కుని కూర్చుంటున్నారు. పై అంతస్తులకి నీళ్ళెక్కవు. ఎదురింట్లో పసిపిల్లల్ని చూసుకునే ఆవిడ, పిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంటున్నారని తనూ ఏడుస్తుంది. ఇదంతా కలిపి మీ మీటరుకి సున్నా! నాకు సున్నా వేసినవాడు ఇంతవరకూ పుట్టలేదే, మా లెక్కల మాస్టారు కూడా రెండు మార్కులిచ్చేవాడు.

సంతకం పెట్టావో, నా గుమ్మం తొక్కకు.

వదిన

*

గ్రిడ్ ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ చివర

వదినా,

నీ గుమ్మం తొక్కే అర్హత ఇంకా ఉంది. ఏం చేశానో చెబుతాను, కూర్చుని చదువు.

పెద్దసారు ఉండే కాలనీ ఉంది కదా, చెట్లూ, లాన్లూ, గేటుకి కాపలావాడూ. అక్కడ కోతలే ఉండవు. ఆ కాలనీ మీటర్ల డేటా తీసుకున్నాను. పోయిన వేసవుల మధ్యాహ్నాలన్నిటికీ, మీ పేటకి కోత పడ్డ వేళల్లోనే, నా చేత్తో సున్నాలు పెట్టాను. పెట్టి, అల్లుడుగారికి మళ్ళీ మొదటినుంచి చదువు చెప్పించాను. మర్నాడు మీటింగులో అడిగాను: ఈ వేసవిలో మధ్యాహ్నం ఎవరికి ఆపమంటారు అల్లుడుగారూ? తెర మీద మొట్టమొదటి పేరు పెద్దసారు కాలనీ.

"నాన్సెన్స్! మా ఇంట్లో అన్ని గదుల్లో ఏసీలున్నాయి. మాకు మధ్యాహ్నం కరెంటు అక్కర్లేకపోవడమేమిటి?" అని లేచాడు.

"అల్లుడుగారికి ఏసీలు కనబడవు సార్, మీటర్లే కనబడతాయి" అన్నాను.

"నువ్వు కావాలని సున్నాలు పెట్టావు. ఇది దొంగ డేటా."

"అవును సార్. మీకు నేను ఉత్తుత్తిగా పెట్టాను. రైలు గేటు అవతలివాళ్ళకి మనం నిజంగానే పెట్టాం. ఆయనకి రెండూ ఒకటే."

ఆ తర్వాత, నువ్వు ఉత్తరంలో పెట్టి పంపిన ఫిబ్రవరి లిస్టు తీసి బల్లమీద పెట్టి, నా సంతకం లేకుండా ఇదెలా నడుస్తోందని అడిగాను. పెద్దసారు దరువు ఆపేశాడు. గొంతు తగ్గించకుండా అడిగాను వదినా. అది నీ దగ్గర నేర్చుకున్నదే.

ఆ సాయంత్రమే రాసి ఇచ్చాను: "పనికిరాదు." కారణాలన్నీ కింద పెట్టాను. "షరతులతో పనికొస్తుంది అని మార్చమ్మా, అందరికీ మర్యాదగా ఉంటుంది" అన్నాడు పెద్దసారు. మార్చనన్నాను.

ఇప్పుడు చిక్కు ఇదీ. మా రూలు ప్రకారం ఫైలు ఎవరికి అప్పజెప్పారో ఆ మనిషి డ్యూటీలో ఉన్నంతకాలం ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. కానీ ఆ మనిషి సెలవులో వెళితే, బదులు వచ్చినవాళ్ళు మళ్ళీ పరీక్షించి కొత్తగా రాయొచ్చు. బదులు మనిషి సిద్ధంగా ఉన్నాడు కూడా. పక్క సెక్షన్లో ఒకాయన, ఏం పెట్టినా సంతకం చేస్తాడు, క్యాంటీన్ మెనూ పెట్టినా చేస్తాడు. కమిటీ రోజున నేను నా కుర్చీలో ఉండి "పనికిరాదు" అని నోటితో చెప్పాలి. అందాకా నేను కదిలితే అల్లుడుగారు గృహప్రవేశం చేస్తారు.

నిన్నటినుంచి అందరూ నా ఆరోగ్యం గురించి తెగ బెంగపెట్టుకున్నారు. "అలసిపోయినట్టున్నారు, రెండు వారాలు సెలవు తీసుకోండి మేడమ్." చచ్చినా తీసుకోను.

నీ మొండి

*

పళ్ళ ల్యాబు
మే మొదటివారం

నా బంగారు మొండీ,

నీ ఉత్తరం మా వీధిలో నలుగురికి చదివి వినిపించాను. పసిపిల్లల ఆవిడ చప్పట్లు కొట్టింది. నీకు ప్రింటరు బాగుచేయడం రాదని కూడా చెప్పేశాను, పక్కింటాయన చాలా నిరాశపడ్డాడు.

ఇక అసలు సంగతి. నిన్న మీ అన్నయ్య నా ఎదురుగా కూర్చుని, తువ్వాలు మడతలు పెడుతూ, విప్పుతూ, నసుగుతూ, మొత్తానికి కక్కారు. మీ పెద్దసారు మళ్ళీ ఫోన్ చేశాడట. నాకు ఒంట్లో బాగాలేదని, నువ్వు వచ్చి కొన్నాళ్ళుండాలని నాచేత ఉత్తరం రాయించమన్నాడట. "అబద్ధం అనుకోకండి, ఆ పిల్లకి విశ్రాంతి అనుకోండి" అన్నాడట. రాయించకపోతే ఇంకా దూరం వేస్తానని కూడా నవ్వుతూనే చెప్పాడట.

సరే, పెద్దమనిషి అడిగాడు కదా, నా ఆరోగ్యం గురించి రాస్తున్నాను, ఆయనకి చూపించు: నేను గుండ్రాయిలా ఉన్నాను. మెట్లు గబగబా ఎక్కుతున్నాను. మొన్న ప్లాస్టరు బస్తా ఒక్కదాన్నే లాగాను. ఆకలి దివ్యంగా వేస్తోంది, ముఖ్యంగా ఆయన పేరు వినగానే పళ్ళు నూరాలనిపిస్తోంది, నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి కూడా.

మీ అన్నయ్యని కోప్పడకు. ఆయన అడిగారే గానీ, నేను వద్దనగానే ఎంత తేలికపడ్డారో! ఆ తువ్వాలు పక్కన పడేసి, తనే లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చారు. చక్కెర వేయడం మర్చిపోయారనుకో. "బస్సులో వెళ్ళడం నాకు అలవాటే, కిటికీ పక్క సీటు దొరుకుతుంది" అన్నారు.

కుర్చీ వదలకు.

వదిన

*

గ్రిడ్ ఆఫీసు, మూడో అంతస్తు
మే మూడోవారం

వదినా,

వదల్లేదు. కానీ కుర్చీ మారిపోయింది. పొద్దున్న వచ్చేసరికి నాది "రిపేరుకి" వెళ్ళిందన్నారు, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ వేశారు. అట్టముక్క మడిచి కింద పెట్టుకుని కూర్చున్నాను. కంప్యూటరు తీసుకెళ్ళారు, "అప్‌డేట్" అట. ఖాళీ బల్ల. అయినా ఠంచనుగా వస్తున్నాను, హాజరు వేస్తున్నాను, చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను. మొదట్లో అందరూ మొహం చాటేశారు. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు "మేడమ్, ఉన్నారా?" అని తొంగిచూస్తున్నారు. ఉన్నాను నాయనా, ఉన్నాను, ఎక్కడికి పోతాను?

మొన్న గ్రాఫులాయన వచ్చాడు. "మేడమ్, ఒకటి చెప్పాలి. కోత అయిపోయి కరెంటు రాగానే ఆ పేటల్లో మీటర్లు ఒక్కసారి పైకి లేచేవి, రోజూ. అంత ఎత్తు లేస్తే డేటా పాడైందనుకుని తీసేశాను" అన్నాడు. వదినా, అది పాడైన డేటా కాదు! కరెంటు రాగానే మీరందరూ ఒక్కసారిగా మోటార్లూ, ఫ్యాన్లూ, నీ కొలిమీ వేశారు కదా, అదే అది. మీరు ఎంత ఎదురుచూశారో చూపించే అంకె అదొక్కటే. దాన్ని చెత్తని ఊడ్చేశాడు. "మరి ఇప్పుడు?" అన్నాను. "పాత ఫైళ్ళలో ఉన్నాయి. కమిటీకి నేనే తెస్తాను. కట్టినవాణ్ణి నేను, నా పేరు కూడా పోతుంది కదా" అన్నాడు. ఆయన మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, పనికొస్తుంది.

నువ్వు ఇన్నాళ్ళు ఉత్తరం రాయకుండా ఉండవే? అన్నయ్యకి ఫోన్ చేస్తే గొంతు అదోలా ఉంది. పొడిపొడిగా "అంతా బాగే" అని పెట్టేశాడు. ఏమైంది? దాచొద్దు. ఈ కుర్చీలోంచి నన్ను పెద్దసారు లేపలేడు గానీ, మీలో ఎవరికైనా ఏమైనా అయిందని తెలిస్తే మాత్రం నేను ఒక్క క్షణం ఆగను. అల్లుడూ వద్దు, కమిటీ వద్దు, లేచి వచ్చేస్తాను. ఈ ఒక్క విషయంలో నేను మొండిదాన్ని కాదు, పిరికిదాన్ని.

నీ ఆడపడుచు

*

పళ్ళ ల్యాబు
మే చివర

మొండీ,

అక్షరాలు చూసి జడుసుకోకు, రాసేది మీ అన్నయ్య, చెప్పేది నేను. రెండు చేతులకీ ప్లాస్టరు అంటుకుని ఉంది, కడుక్కునే తీరిక లేదు. అంత పని. ఊళ్ళో అందరి పళ్ళూ ఒక్కసారే ఊడాయి.

మీ అన్నయ్య ఒత్తులు సరిగ్గా రాయరు, సర్దుకుని చదువు. (ఈ మాట రాయనన్నారు, రాయించాను.) ఆయన గొంతు అదోలా ఉండటానికి కారణం ఐస్ నీళ్ళు. వద్దన్నా తాగుతారు.

పైన రెండు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి చూశావా? అది మీ అన్నయ్య సొంత కవిత్వం. చెప్పింది రాయమంటే తోచింది రాస్తున్నారు. కొట్టించేశాను.

ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు నీ పొట్టికాలు కుర్చీలో నిటారుగా కూర్చో. గ్రాఫులాయనకి నా దీవెనలు చెప్పు, ఆయనకి పళ్ళు కావలసినప్పుడు నేను కడతాను. కమిటీ అయ్యాక రాయి. అయ్యేదాకా ఫోన్లు చేసి మా పని చెడగొట్టకు.

వదిన
(చేతిరాత: అన్నయ్య)

*

గ్రిడ్ ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ రెండోవారం

వదినా! వదినా! వదినా!

అయిపోయింది. అల్లుణ్ణి ఇంటికి పంపించేశాం!

కమిటీలో బయటినుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె అధ్యక్షురాలు. పెద్దసారు అరగంట మాట్లాడాడు. తొంభై ఏడు, తొంభై ఏడు అని చెప్పిందే చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, "పరీక్షించిన మనిషి ఏమంటుంది?" అంది. లేచాను. "పనికిరాదండి. ఈయన మనకి ఎవరికి అవసరం తక్కువో చెప్పడం లేదు. ఇంతకుముందు మనం ఎవరికి ఆపామో వాళ్ళ పేర్లే మళ్ళీ మనకి చదివి వినిపిస్తున్నాడు" అన్నాను. గ్రాఫులాయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. తను ఊడ్చేసిన అంకెలన్నీ తెచ్చి తెరమీద పెట్టాడు. మీ పేట గీత కరెంటు రాగానే ఆ తెర పైఅంచుకి తగిలింది. ఆవిడ దాన్ని చూస్తూ, "వీళ్ళకా మనం అక్కర్లేదన్నది?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఫోన్లో కాదు, అందరి ముందూ. రానీ అనుకున్నాను.

ఫైలు మూసేశారు. "పనికిరాదు" అన్నది అలాగే ఉంటుంది, ఇంకెవరూ దిద్దడానికి లేదు. లిస్టులు ఆ రోజునుంచే ఆపారు. కోతలు తప్పవు, కానీ ఇకమీదట అన్ని పేటలకీ వంతులే, పెద్దసారు కాలనీతో సహా. మోడల్ మళ్ళీ మొదటినుంచి కట్టాలి. సంతకం లేకుండా లిస్టు ఎవరు నడిపారని విచారణ కూడా వేశారు. పెద్దసారు నాతో మాట్లాడటం మానేశాడు, అదో సుఖం.

నా ఉద్యోగం? ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఉన్నంతకాలం ఇలాగే చేస్తాను.

లాయరుగారి పళ్ళు పెట్టెయ్ ఇక కొలిమిలో!

నీ మొండి

*

ఇల్లు
జూన్ మూడోవారం

మొండీ,

లాయరుగారి పళ్ళు కొలిమిలో పెట్టింది మా దగ్గర పనిచేసే అమ్మాయి. ఒక్క బీట లేదు. తెచ్చి చూపిస్తే నేను మంచం మీంచి చూశాను.

మంచం ఏమిటంటావా? ఇక చెప్పొచ్చు కదా, ఫైలు మూసేశారుగా. నాకు ఆపరేషన్ అయింది. పిత్తాశయంలో రాళ్ళట. కడుపునొప్పంటే మజ్జిగ తాగి ఊరుకున్నాను, ఒకరోజు ల్యాబులోనే పడిపోయాను. లోపల పగిలి చీముపట్టిందని వెంటనే కోశారు. తర్వాత కొన్నాళ్ళు కాస్త బాగాలేదు. కాస్త అంటే, డాక్టరు మీ అన్నయ్యని బయటికి పిలిచి మాట్లాడేంత. ఆ ఉత్తరం ఆస్పత్రి మంచం మీంచి చెప్పి రాయించాను. చేతులకున్నది ప్లాస్టరు కాదు, సూదులు. కొట్టించేసిన రెండు వాక్యాలూ "చెల్లీ, వెంటనే రా. నాకు భయంగా ఉంది" అన్నవి.

తిట్టుకో. కానీ నువ్వే రాశావు కదే, ఎవరికైనా ఏమైనా అయితే లేచి వచ్చేస్తానని. నువ్వు లేస్తే ఆ మెనూ సంతకాలాయన కూర్చుంటాడు. నువ్వు వచ్చి నా తల దగ్గర కూర్చుంటే నాకు బాగుండేది, అబద్ధమెందుకు? ఒక మధ్యాహ్నం నిన్ను పిలవమని నోటిదాకా వచ్చింది. అప్పుడే మా పేటలో కరెంటు పోయిందని ఎవరో వచ్చి చెప్పారు. మింగేశాను.

మీ అన్నయ్య గురించి ఒకటి చెప్పాలి. ఆస్పత్రి వరండాలో ఉండగా మీ పెద్దసారు ఫోన్ చేశాడట, చివరి ప్రయత్నం. "మీ ఆవిడకి ఎలా ఉంది?" అని. నిజం చెబితే చాలు, నువ్వు పరుగెత్తుకొస్తావు, ఈయన ఇంటి దగ్గరికి బదిలీ అవుతారు. లోపల నాకు స్పృహ కూడా లేదు. ఆయన ఏమన్నారో తెలుసా? "శుభ్రంగా ఉందండి, పళ్ళు కడుతోంది" అని ఫోన్ పెట్టేసి, అక్కడే బెంచీ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారట. నర్సు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆయన ఎవరికైనా ఎదురు తిరగడం ఇదే మొదలు.

ఇప్పుడు లేచి నడుస్తున్నాను. పథ్యం తిండి, నోరు చచ్చిపోయింది. మాటలు మాత్రం బాగానే వస్తున్నాయి.

కోపం తగ్గాక రాయి.

వదిన

*

గ్రిడ్ ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ చివర

వదినా,

కోపం తగ్గదు. నీ ఉత్తరం గేటు దగ్గరే చదివి, అరలోంచి మళ్ళీ ఫోన్ తీసి, అన్నయ్యకి చేసి, ఇద్దరం ఏడ్చాం. కాపలాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నువ్వు చచ్చిపోయుంటే? మీ వీధికి వెలుగొచ్చిందని నేను గంతులేస్తుండగా నువ్వు లేకపోయుంటే, ఆ కుర్చీని నేనేం చేసుకోను? నీకెవరిచ్చారే ఆ అధికారం? నేను ఎవరికీ లొంగలేదని ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పుకుంటున్నావట. మరి నన్ను నీ ఇష్టమొచ్చినట్టు ఆడించింది ఎవరు?

పైకి వెళ్ళి సెలవుచీటీ రాసిచ్చాను. ఇన్నాళ్ళూ బతిమాలి ఇస్తామన్న సెలవు కదా, ఇప్పుడు పెద్దసారు మొహం మాడ్చుకుని, "ఇంత అర్జంటుగా ఏమిటి? కారణం రాయలేదే?" అన్నాడు. ఆయన ముందే రాశాను, చదివి పైకీ కిందికీ చూసి సంతకం పెట్టాడు. నువ్వూ చదువు. ఈ ఉత్తరం వెనకే పొద్దున్న బండికి దిగుతున్నాను, తలుపు తీసి ఉంచు.

సెలవుకి కారణం: మా వదినని తిట్టాలి.